ఆపి మళ్లీ వేయండి

ఎర్ర చుక్కలు నలభై దాకా ఉన్నాయి. మిగతావి ఆకుపచ్చ.

ఆ కంటి ఆసుపత్రిలో ఉన్న ప్రతి కంప్యూటరుకూ అతని తెర మీద ఒక చుక్క ఉంటుంది. అప్‌డేట్ వేసుకొని రీస్టార్ట్ అయినదానికి ఆకుపచ్చ. అప్‌డేట్ దిగినా రీస్టార్ట్ కానిదానికి ఎరుపు. చుక్కలన్నీ ఆకుపచ్చగా ఉంచడం అతని ఉద్యోగం. ఆసుపత్రిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "రీస్టార్టు వచ్చాడు" అంటారు. అతని ఎదుటే అంటారు. అతనూ పలుకుతాడు.

గురువారం పొద్దున ప్రధాన కార్యాలయం నుంచి మెయిల్ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఒక కన్నం బయటపడింది, దొంగలు దానిగుండా లోపలికి దూరుతున్నారు, దాన్ని పూడ్చే అప్‌డేట్ రెండు నెలల కిందటే పంపాం, ఇంకా రీస్టార్ట్ చేయనివాళ్లు ఎవరు అని అందులో అడిగారు. ఆ సాయంత్రానికి ఎర్రగా ఉన్న ప్రతి కంప్యూటరు మీదా, దాని ముందు కూర్చునే మనిషికి సంజాయిషీ మెమో వెళ్తుంది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కూడా ఎర్రగా ఉంటే నెట్‌వర్క్ నుంచి తెంచేస్తారు.

అతను లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. చుక్కల్ని కూర్చుని చూస్తే రంగు మారవు. గదులు తిరగడం మొదలుపెట్టాడు.

రిజిస్ట్రేషన్ కౌంటరులో ముగ్గురు అమ్మాయిలున్నారు. క్యూ తలుపు బయటికి పోయింది.

"ఐదు నిమిషాలు చాలు" అన్నాడు అతను.

"పోయినసారీ ఐదే అన్నారు. అన్నం తిని వచ్చినా అది తిరుగుతూనే ఉంది."

"ఈసారి తొందరగా అవుతుంది."

"క్యూలో వాళ్లకి ఆ మాట మీరే చెప్పండి. మేం మీ వెనక నిలబడతాం."

అకౌంట్స్ గదిలో పెద్ద గుమాస్తా ఉన్నాడు. ఆసుపత్రిలో ఆయనకు 'తర్వాత గారు' అని పేరు. అప్‌డేట్ సిద్ధంగా ఉంది, ఇప్పుడా తర్వాతా అని కంప్యూటర్ అడిగిన ప్రతిసారీ ఆయన చెవి దగ్గర దోమను తోలినట్టు 'తర్వాత' నొక్కుతాడు. ఆయన చుక్క మాత్రం ఆకుపచ్చ.

"నాది బాగానే ఉందటగా" అన్నాడు తర్వాత గారు. "మేనేజరు మెచ్చుకున్నాడు."

"మీరు రీస్టార్ట్ చేశారా?"

"నా జన్మలో చేయలేదు. సాయంత్రం ఇదిగో, ఈ బటన్ నొక్కి పోతాను." ఆయన చూపించింది తెర కింద ఉన్న బటన్. తెర నల్లబడుతుంది. కంప్యూటర్ రాత్రంతా నడుస్తూనే ఉంటుంది. మనుషులు లేని వేళ చూసుకొని తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది.

అతనికి నవ్వొచ్చింది. ఆగి ఆలోచించడానికి తీరిక లేదు. ఎర్ర చుక్కలున్న గదులు ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి స్కాన్ గది.

స్కాన్ గదిలో దీపం వేయరు. రోగి గడ్డం ఒక ఆనిక మీద పెట్టి ముందుకు వంగుతాడు. మిషన్ కంటి లోపలి పొరను ఫోటో తీసి పక్కనున్న కంప్యూటరుకు పంపుతుంది. ఆ గదిలో పనిచేసేది అతని వదిన. ఈ ఆసుపత్రిలో ఆమె అతని కంటే సీనియర్. ఇక్కడ ఉద్యోగం ఖాళీ ఉందని అతనికి చెప్పిందీ ఆమే. ఆమె వెళ్లేముందు మిషన్ మీద గుడ్డ కప్పుతుంది, స్విచ్చులన్నీ వరసగా చూసుకుంటుంది, తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చి మరోసారి చూసుకుంటుంది.

"వదినా, నీ కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి."

"ఇక్కడ వదినెవరు?"

"మేడం. మీ కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి."

"రోజూ చేస్తున్నాను." ఆమె తెర మీది నుంచి చూపు తిప్పలేదు. మిషన్ ముందు ఒక ముసలాయన గడ్డం ఆనించి కూర్చున్నాడు.

"చేసి రెండు నెలలు దాటింది."

"ఎవరు చెప్పారు?"

"కంప్యూటరే చెబుతోంది."

"నేను చెప్పేది వినిపించిందా? రోజూ సాయంత్రం నా చేత్తో ఆపుతాను. పొద్దున నా చేత్తో వేస్తాను."

"అమ్మా, రెప్ప వేయొచ్చా?" అన్నాడు ముసలాయన.

"వేయొద్దు తాతా."

అతను గొంతు తగ్గించాడు. "ఎప్పుడైనా మరిచిపోయి ఉంటావేమో."

ఆమె మౌస్ మీది నుంచి చేయి తీసింది. "రెండు నెలలా?"

"అంటే, రోజూ అని కాదు..."

"రెండు నెలలు రోజూ మరిచిపోయి, రోజూ చేశానని అబద్ధమాడుతున్నానా?"

"అమ్మా, కన్ను మండుతోంది" అన్నాడు ముసలాయన.

"వేయండి తాతా, వేసుకోండి. మిషన్ కాదు, మా మరిదిగారు మండిస్తున్నారు."

ఇప్పుడే రీస్టార్ట్ చేద్దాం అని అతను మళ్లీ అడిగాడు. ఆమె తలుపు తీసి బయటి బెంచీ చూపించింది. కంటిపాప పెద్దది కావడానికి మందు వేయించుకున్నవాళ్లు కళ్లు మూసుకొని వరసగా కూర్చున్నారు. మందు పని కొన్ని గంటలే ఉంటుంది. ఆ లోపల ఫోటో తీయాలి, లేదంటే మళ్లీ మొదటికి.

"వీళ్ల కళ్లు నీ చుక్కల కోసం ఆగవు" అంది వదిన. "రేపు పొద్దున జనం రాకముందు చేద్దువు. ఇప్పుడు తలుపు మూసి వెళ్లు, వెలుతురు వస్తోంది."

సాయంత్రం మేనేజరు పిలిచాడు. గదులన్నీ తిరిగినా తగ్గిన చుక్కలు నాలుగే. మేనేజరు తెర మీద ఎర్ర వాటిని ఒక్కొక్కటీ వేలితో తాకుతూ కిందికి వచ్చాడు. స్కాన్ గది దగ్గర వేలు ఆగింది.

"మీ వదినగారిది కూడానా?"

"అవునండీ."

"సోమవారం కమిటీ కూర్చుంటోంది. స్కాన్ విభాగం ఇన్‌ఛార్జి పోస్టుకి ఆమె పేరే ముందుంది. మెమో పడితే ఈ ఏడాది ఆ పేరు చూడరు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ కాంట్రాక్టు కూడా ఈ నెలాఖరుకేగా. చుక్కలన్నీ ఆకుపచ్చ చేసి చూపించు. పొడిగించమని రాయడం నాకు తేలికవుతుంది."

వదినకు మెమో సంగతి అప్పటికే తెలిసిపోయింది. ఆసుపత్రిలో ఇలాంటి కబురు మేనేజరు గది దాటడానికి తలుపు తెరవక్కర్లేదు.

అతను ఉండేది అన్న ఇంటి మేడ మీద గదిలో. భోజనం కింద అందరితో. అన్న సిటీ బస్సు డ్రైవరు, ఆరోజు పొద్దుటి డ్యూటీ చేసి వచ్చాడు. వదిన ముగ్గురికీ కంచాలు పెట్టింది. కూరగిన్నె అతనికి అందనంత దూరంలో పెట్టింది.

"ఏవండీ, మీ తమ్ముడికి ఇంకో గరిటె కావాలేమో అడగండి."

అన్న తమ్ముడి వైపు చూశాడు. ఇద్దరి మోకాళ్లూ తగులుతున్నాయి. "కావాలంట్రా?"

"చాలు."

"చాలంట."

"చాలనడం నాకూ వినబడింది. అబద్ధాలాడే మనిషి వండింది ఎంత తక్కువ తింటే అంత మంచిదిలెండి."

"అన్నయ్యా, నేను అబద్ధమనలేదు. మరిచిపోయి ఉంటావు అన్నాను, అంతే."

"రెండు నెలలు వరసగా మరిచిపోయే మనిషి జనం కళ్లలో ఏం మందు పోస్తోందో అది కూడా కనుక్కోమనండి."

అన్న ముద్ద కంచంలో పెట్టేశాడు. "ఇదిగో, ఇద్దరిదీ ఒకటే స్టాపు. దిగి మాట్లాడుకోండి. నన్ను మధ్యలో గంట కొట్టమనకండి."

ఎవరూ నవ్వలేదు. వదిన తన కంచం తీసుకొని వంటింట్లోకి వెళ్లింది. నీళ్ల చప్పుడు అవసరమైనదానికంటే ఎక్కువసేపు వినిపించింది.

అన్న అతని వెంట మెట్లెక్కి మేడ మీదికి వచ్చాడు. పిట్టగోడకు ఆనుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఆ పోస్టొస్తే ఆమెకి పెద్దగా ఒరిగేదేం లేదురా. కానీ ఇన్‌ఛార్జి కూర్చునే గదికి కిటికీ ఉందట. పొద్దున చీకట్లోకి వెళ్లి సాయంత్రం చీకట్లోంచి వస్తున్నానంటుంది. బయటికి రాగానే ఎండకి కళ్లు చిట్లించుకొని నా బస్సు నంబరు కూడా పోల్చుకోలేకపోతోంది."

"నాకు తెలియదు."

"నాకు మాత్రం ఎప్పుడు తెలిసింది? మొన్న నా బస్సే వదిలేసి ఇంకోటి ఎక్కింది." అన్న గొంతు సవరించుకున్నాడు. "ఆ ఒక్క చుక్కా నువ్వు రంగు మార్చలేవా?"

"అది నేను వేసే రంగు కాదన్నయ్యా."

"అయితే తప్పెవరిదో నువ్వే చూడు. ఆమె చేయలేదంటే నేను నమ్మను. నేను తాళం వేసిన తలుపు కూడా మళ్లీ లాగి చూసే మనిషి ఆమె."

అతను గదిలోకి వెళ్లి పడుకున్నాడు. పక్క మీద ఇటు నుంచి అటు దొర్లాడు. ఆమె చేశానంటోంది. కంప్యూటర్ చేయలేదంటోంది. రెండూ నిజం కావడానికి దారి లేదు అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున వదినా మరిదీ ఒకే బస్సులో వెళ్లారు. ఆమె ముందు, అతను వెనక. స్కాన్ గదిలో ఆమె మిషన్ మీది గుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టింది. కంప్యూటర్ బటన్ నొక్కింది. తెర వెంటనే వెలిగింది.

"చూశావా, ఎంత తొందరగా లేస్తుందో. మిగతావాళ్లవి మూలుగుతాయి."

అతను కుర్చీ లాక్కొని, కంప్యూటర్ ఎప్పటి నుంచి నడుస్తోందో చూపించే పేజీ తెరిచాడు. రెండు నెలల పైన కొన్ని రోజులు. చివర సెకన్లు కదులుతున్నాయి.

ఇద్దరూ ఆ సెకన్లను చూశారు.

"నువ్వు ఇప్పుడే కదా వేశావు" అన్నాడు అతను.

"ఇప్పుడే. నీ కళ్ల ముందు."

"ఒకసారి ఆపు. రోజూ ఎలా ఆపుతావో అలాగే."

ఆమె వంగి కంప్యూటర్ పెట్టె మీది అదే గుండ్రటి బటన్‌ను బొటనవేలితో నొక్కింది. తెర ఆరింది. కింది దీపం కూడా ఆరేదాకా వేలు అక్కడే ఉంచింది. "ఇంతే."

"రోజూ ఇలాగేనా?"

"ఇంకెలా? అక్కడ రాసుంది కదా."

ఆమె చూపించిన చోట, గోడ మీద, టేపుతో అంటించిన కాగితం ఉంది. అతను దగ్గరికి వెళ్లాడు. చీకటికి సెల్‌ఫోన్ వెలుగు వేసుకున్నాడు.

'సిబ్బందికి మనవి. రోజూ పని ముగిశాక కంప్యూటర్ ఆపి, మరునాడు మళ్లీ వేయండి. అప్పుడే అప్‌డేట్లు పూర్తవుతాయి.' కింద అతని సంతకం.

ఇంగ్లిష్‌లో వచ్చిన సూచనను తెలుగు చేసింది అతనే. అందులో రీస్టార్ట్ అన్న ఒక్క మాటే ఉంది. పునఃప్రారంభించండి అని మొదట రాశాడు. కొట్టు తెరిచినట్టుందని కొట్టేశాడు. ఇంట్లో ఫ్యాన్ మొరాయిస్తే ఏమంటాం అని ఆలోచించి, ఆపి మళ్లీ వేయండి అని రాశాడు. మేనేజరు చదివి, తెలుగంటే ఇదీ అన్నాడు.

అతను కుర్చీలో కూర్చున్నాడు.

"ఏంటి?" అంది వదిన.

"ఆపితే ఇది ఆగదు వదినా."

"తెర ఆరింది, దీపం ఆరింది, ఇంకేం ఆగాలి?"

"ఇది కొత్త రకం. తొందరగా లేవడానికి ఒక ఏర్పాటు పెట్టారు. బటన్ నొక్కి ఆపినప్పుడు, అప్పటిదాకా నడిచిన లోపలి సరంజామా అంతా ఎలా ఉన్నది అలా దాచుకొని పడుకుంటుంది. పొద్దున దాన్నే విప్పుకొని లేస్తుంది. దాని లెక్కలో అది అసలు ఆగనే లేదు. రీస్టార్ట్ అని మెనూలో వేరే ఉంటుంది. అది నొక్కితేనే దాచుకోకుండా అంతా వదిలేసి మొదటి నుంచి లేస్తుంది. అప్పుడే అప్‌డేట్ కుదురుకుంటుంది."

వదిన తెర వైపు వేలు చూపించింది. "మీ అన్నలాగా. రాత్రి గొడవ పడుకుంటే పోతుందనుకుంటాను. పొద్దున అదే మాట దగ్గర నుంచి లేస్తాడు."

"అలాగే."

"ఈ ఏర్పాటు సంగతి నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే రాశావా?"

"రాసేటప్పుడు గుర్తు రాలేదు. మాట బాగుందా లేదా అనే చూశాను."

ఆమె గోడ మీది కాగితం చదివింది. ఎన్నోసారి చదవడమో ఆమెకే తెలియదు. "అంటే నేను అబద్ధమాడలేదు."

"లేదు."

"మరిచిపోలేదు."

"లేదు వదినా."

"ఆ రెండు మాటలూ నిన్న ఆ తాత ముందు అన్నావు. తాత లేడు కాబట్టి, కాదని ఆ గోడకే చెప్పు." అని, కోపం ఇంకా మిగిలే ఉన్నా, కంప్యూటర్ మళ్లీ వేసి, మౌస్ తన చేతిలోకి తీసుకుంది. "ఆ రీస్టార్ట్ ఏదో చూపించు. నేనే నొక్కుతాను."

ఆమె నొక్కింది. నీలం తెర మీద తెల్ల గుండ్రం తిరగడం మొదలైంది. పది శాతం, పద్దెనిమిది, ముప్పై. ముప్పై దగ్గర ఆగింది. బయట బెంచీ మీద మొదటి రోగులు వచ్చి కూర్చున్నారు. నర్సు తలుపు సందులోంచి, "మేడం, మందు వేసేయనా?" అని అడిగింది.

"ఆగు. ఇది తేలనీ." వదిన గదిలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచింది. గది చిన్నది, నాలుగడుగులకే గోడ వస్తుంది. "కదలదేం?"

"కదులుతుంది."

"నా చూపుకి సిగ్గుపడుతోందేమో, అటు తిరగనా?"

"కూర్చో వదినా."

"ఇంకో నిమిషం చూసి, పోనీ ఆపి మళ్లీ వేద్దామా?"

"వద్దు" అన్నాడు అతను. ఆ మాట ఎంత గట్టిగా అన్నాడంటే బెంచీ మీద కళ్లు మూసుకున్న ఒకావిడ కళ్లు తెరిచింది.

వదిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని అతనికి భుజాలు చూస్తే తెలిసింది. ముప్పై ఒకటి పడింది.

ఆమెను అక్కడ వదిలి అతను మిగతా ఎర్ర చుక్కల గదులకు పరుగు తీశాడు. మందుల కౌంటరులో సీనియర్ ఫార్మసిస్టు ఉంది. కళ్లజోళ్ల విభాగంలో, కుడిచేతికి కట్టు ఉన్నా ఎడమ చేత్తో బటన్ నొక్కుతున్న ఒకాయన. ఆపరేషన్ థియేటర్ బయట హెడ్ నర్సు. అందరినీ ఒకటే అడిగాడు: ఎలా ఆపుతారు? అందరూ బటన్ చూపించారు. అందరి గోడ మీదా అతని కాగితం ఉంది. హెడ్ నర్సు దానికి ప్లాస్టిక్ తొడుగు కూడా వేయించింది.

"మీరు చెప్పినట్టే చేస్తున్నాం కదండీ" అంది హెడ్ నర్సు. "ఒక్కరోజు కూడా తప్పలేదు. మా వాళ్లెవరైనా వదిలేసి పోతే నేనే వెళ్లి ఆపి వస్తాను. ఏం, తేడా వచ్చిందా?"

"తప్పు మీది కాదు. నాది."

వరండాలో నడుస్తుంటే అతనికి మొత్తం కనిపించింది. చెప్పిన మాట విన్నవాళ్లందరూ ఎర్రగా ఉన్నారు. చెవిన పెట్టనివాళ్లందరూ, తెర ఆర్పి కంప్యూటర్ వదిలేసి పోయినవాళ్లందరూ, ఆకుపచ్చగా ఉన్నారు. మెమోలు వచ్చేది మాట విన్నవాళ్లకే.

నాలుగింటి లోపల చుక్కలన్నీ మారాయి. మధ్యాహ్నం భోజనం మానేసి తిరిగాడు. ఒక కంప్యూటర్ ఎక్కడా కదలకుండా గంట పైన కూర్చుంది, అతనూ దాని ముందు ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. నెట్‌వర్క్ తెంపడం అన్న మాట ఇక లేదు. మెమోలు మాత్రం ఉన్నాయి. గురువారం సాయంత్రం ఎర్రగా ఉన్నవాళ్ల పేర్లు అప్పుడే పైకి వెళ్లిపోయాయి.

మేనేజరు కుర్చీ చూపించాడు. అతను కూర్చోలేదు.

"అన్నీ ఆకుపచ్చే. బాగుంది" అన్నాడు మేనేజరు. "పైవాళ్లు ఒకటే అడుగుతున్నారు. ఇంతమంది రెండు నెలలు ఎందుకు చేయలేదు? నీ మాటగా నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టు. దాన్ని బట్టి మెమోలు ఉంచాలో తీయాలో చూస్తారు."

అతను గోడ మీద అంటించిన సర్క్యులర్ సంగతి చెప్పాడు. బటన్ సంగతి, కంప్యూటర్ పడుకునే సంగతి చెప్పాడు. మేనేజరు మధ్యలో ఆపకుండా విన్నాడు. తర్వాత లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"ఆ కాగితం చదివి బాగుందన్నది నేనే."

"అవునండీ."

"నాకు ఈ తేడా తెలియదు. నీకు తెలుసు, నీ పనే అది." ఆయన గొంతులో కోపం లేదు. "ఉన్నదున్నట్టు రాస్తే నీ కాంట్రాక్టు కాగితం మీద నేనేం రాసినా పైవాళ్లు ముందు ఇది చూస్తారు. నేను ఒక దారి చెప్పనా? సూచనను సిబ్బంది సరిగా అర్థం చేసుకోలేదు, ఇప్పుడు వివరించాం అని రాయి. అబద్ధం కాదు. వాళ్లకి అర్థం కాలేదనేది నిజమే కదా. ఉద్యోగాలు తీసేంత తప్పు కాదు. మెమో మందలింపుతో పోతుంది."

"మందలింపు ఫైల్లో ఉంటుందా?"

"ఉంటుంది."

"సోమవారం కమిటీ ఫైలు చూస్తుందా?"

మేనేజరు తల ఊపాడు. "చూస్తుంది."

కాగితం, పెన్ను బల్ల మీద ఉన్నాయి. అతను నిలబడే వంగి రాయడం మొదలుపెట్టాడు. 'సూచనను సిబ్బంది' దాకా చేయి దానంతటదే రాసింది. అక్కడ ఆగింది. కిటికీలోంచి పార్కింగులో ఎవరో బండి స్టార్ట్ కాక మళ్లీ మళ్లీ కిక్ కొడుతున్న చప్పుడు వస్తోంది. వాళ్లకి అర్థం కాలేదా? ఆపమన్నాడు, ఆపారు. వేయమన్నాడు, వేశారు. కుడిచేయి పనిచేయకపోతే ఎడమ చేత్తో వేశారు. ఇంతకంటే ఎలా అర్థం చేసుకుంటారు?

మిగతా వాక్యం పూర్తి చేశాడు. 'సూచనను సిబ్బంది తు.చ. తప్పకుండా పాటించారు. సూచనే తప్పు. రీస్టార్ట్ అన్న మాటను నేను తెలుగులో తప్పుగా రాశాను. ఆపి వేయడం, రీస్టార్ట్ చేయడం ఒకటి కావు. ఈ తేడా నాకు తెలుసు, సిబ్బందికి తెలిసే అవకాశం లేదు.' సంతకం పెట్టాడు.

మేనేజరు చదివాడు. మొదటి వాక్యం దగ్గర కొంచెంసేపు ఉన్నాడు. "రెండోసారి ఆలోచిస్తావా?"

"ఆలోచిస్తే మార్చేస్తానండీ. ఇలాగే పంపండి."

ఆయన కాగితం స్కానర్‌లో పెట్టి, పంపించాడు. కాసేపటికి ఫోన్ వచ్చింది. ఆయన ఎక్కువగా విన్నాడు, తక్కువగా మాట్లాడాడు. పెట్టేశాక అతని వైపు తిరిగాడు.

"మెమోలన్నీ తీసేస్తున్నారు. నీ సర్క్యులర్ బాగుందని మన మిగతా శాఖల వాళ్లు కూడా కాపీ చేసి అంటించుకున్నారట. అక్కడా ఇదే వరస. ఇప్పుడు అందరివీ చూడాలి." ఆయన నుదురు రుద్దుకున్నాడు. "నీ సంగతి ఏమీ చెప్పలేదు. అడిగాను. సోమవారం చూద్దాం అన్నారు. ఆ గొంతు నాకు నచ్చలేదు. ఉన్నమాట చెబుతున్నాను."

అతను స్కాన్ గదికి వచ్చేసరికి వదిన తలుపు బయట నిలబడి ఉంది. బెంచీ మీద ఇంకా ఇద్దరు మిగిలారు. పొద్దుటి ఆలస్యంతో ఆమె మధ్యాహ్నం నుంచి కూర్చోలేదు.

"మెమో రాదట" అంది. "హెడ్ నర్సు చెప్పింది. ఏదో రాశావట."

"రాశాను."

"ఏం రాశావు?"

అతను చెప్పాడు. ప్రతి మాటా ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె చేతులు కట్టుకొని విన్నది.

"నీ కాంట్రాక్టు?"

"సోమవారం తెలుస్తుంది."

"అదీ సోమవారమేనా?" ఆమె బెంచీ వైపు చూసి గొంతు తగ్గించింది. "ఒకటి అడుగుతాను, తడబడకుండా చెప్పు. నన్ను గట్టెక్కించడానికి రాశావా, నిజమని రాశావా?"

అతనికి పొద్దుటి నుంచి కాళ్లు ఒకచోట నిలవలేదు, ఇప్పుడూ బరువు ఈ కాలి మీది నుంచి ఆ కాలి మీదికి మార్చాడు.

"నీ కోసం మొదలుపెట్టాను. రాస్తుంటే, ఆ ఎడమ చేత్తో బటన్ నొక్కే ఆయన గుర్తొచ్చాడు. ఆ తర్వాత నువ్వు గుర్తు రాలేదు."

"ఊఁ." ఆమె కాసేపు ఆ మాటను లోపల అటూ ఇటూ తిప్పి చూసింది. "మొత్తం నా కోసమే అయితే ఆ పోస్టు నాకొద్దని వెళ్లి చెప్పేదాన్ని. మరిది ఉద్యోగం మీద కూర్చున్నానని నలుగురూ అంటే పడే ఓపిక నాకు లేదు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఇవ్వనీ, ఇవ్వకపోనీ, నా పని మీద ఇస్తారు." ఆమె అతని వైపు తిరిగింది. "నీది పోతే ఏం చేస్తావు?"

"తెలియదు."

"తెలియనప్పుడు ముందు వెళ్లి ఏదైనా తిను. క్యాంటీన్ మూసేస్తారు. నీ మొహం చూసి రోగులు భయపడుతున్నారు."

"వాళ్లకి కనబడదుగా, మందు వేశారు."

"అందుకే ఇంకా పారిపోలేదు." ఆమె తలుపు తోసింది. లోపల చీకటి. బెంచీ చివర కూర్చున్న ఆవిడ చేయి గాల్లో తడుముతుంటే పట్టుకొని లేపింది. "రండి. గడప ఉంది, కాలు కొంచెం ఎత్తి వేయండి."